గోస్తనీ మొగలో ఒక పగలు

విశాఖపట్నం కుళాయిలలోకి వచ్చే నీటిలో కొంత తాటిపూడి జలాశయానిది. ఆ జలాశయాన్ని 1960లలో గోస్తనీ నది మీద కట్టారు. ఈ లెక్కన మా మదర్సా పిల్లలు రోజుకు ఐదు పూటలా వుజూ చేసుకునే నీటిలో గోస్తనీ పాలు కూడా ఉన్నది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ నీటితో ముఖం కడుగుకుంటున్న నేను, ఆ నది సముద్రంలో కలిసే చోట కుదురుగా కూర్చుని దానిని చూడడం మొదలై మూడేళ్ళే అయింది. అదీ గాలాలు వేసేవారి చలవ వల్ల.

మా పాత ఊళ్ళో, రేవుకు దగ్గరగా ఉన్న వీధులలో, చేపల గాలం పిచ్చి ఉన్నవారు పది పన్నెండు మంది ఉన్నారు. ఓడలలో ఇంజనీరుగా ప్రపంచమంతా తిరిగి వచ్చిన పెద్దాయన ఒకరు వారికి నాయకుడు. స్టీలు ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు ఇద్దరు. రేవులో కాంట్రాక్టు కూలీగా పనిచేసే ఒక యువకుడు, ఇద్దరు దుకాణదారులు, కొందరు చదువుకునే పిల్లలు. ప్రతి సంవత్సరం చలికాలంలో ఒక ఆదివారం అందరూ కలిసి వ్యాను మాట్లాడుకుని భీమునిపట్నం వెళతారు. నమాజు చేయించడానికి ఒక మనిషి కావాలన్న నెపంతో నన్నూ ఎక్కించుకుంటారు. నాకు గాలం వేయడం రాదు. ఎరను కొక్కేనికి గుచ్చడం కూడా చేతకాదు. నా పని జుహ్ర్, అస్ర్ నమాజులు చేయించడం, ఆ మధ్య కాలంలో వారి టీ ఫ్లాస్కులకు కాపలా కాయడం.

ఈ ఏడు ఫజ్ర్ నమాజు ముగిసిన వెంటనే బయలుదేరాము. భీమిలి దాకా తీరం వెంట ఉన్న దారి సుమారు 25 కిలోమీటర్లు. ఇంత తక్కువ దూరానికి ప్రయాణికుని నమాజు వర్తించదని, నాలుగు రకఅతులూ పూర్తిగా చేయవలసిందేనని బండిలోనే చెప్పాను. పిల్లలలో ఒకడు, భీమిలి కాక అరకు వెళ్ళి ఉంటే బాగుండేదన్నాడు. నవ్వులు లేచాయి. ఎడమవైపు కైలాసగిరి, కుడివైపు అప్పుడే ఎరుపెక్కుతున్న బంగాళాఖాతం. లంగరు వేసి రేవు పిలుపు కోసం ఎదురుచూస్తున్న ఓడలు దూరాన వరుసగా కనిపించాయి. పెద్దాయన ఒక్కొక్క ఓడను చూసి అది బొగ్గుదా, నూనెదా, కంటెయినర్లదా అని చెబుతూ వచ్చారు. రుషికొండ, మంగమారిపేట దాటాక ఎర్రమట్టి దిబ్బలు వచ్చాయి. గాలీ నీరూ కలిసి వేల సంవత్సరాలు పేర్చిన ఆ ఇసుక దిబ్బలను ఎప్పుడు చూసినా ఎవరో నిన్ననే గడ్డపారలతో తవ్వి వదిలేసినట్టు ఉంటాయి.

దారిలో పెద్దాయన తన పాత కథ మళ్ళీ ఎత్తుకున్నారు. యువకులు విని విని విసిగిపోయారు గాని నాకు ఆ కథ ఇష్టం. ఆయన పడుచుతనంలో ఒకసారి ఓడ మరమ్మతు కోసం ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవులో చాలా రోజులు ఉండిపోయారట. ఆ రేవు సముద్రపు పాయలోనికి టెస్ట్, ఇచెన్ అనే రెండు చిన్న నదులు వచ్చి కలుస్తాయి. అవి సుద్దరాతి నేలలో పుట్టిన నదులు. వాన కురిస్తే అక్కడ నీరు నేలమీద పరుగెత్తదు. సుద్ద దానిని పీల్చుకుంటుంది. లోపల వడకట్టుకుని, నెమ్మదిగా ఊటలై పైకి వస్తుంది. అందుకే ఆ నీరు ఎండాకాలమూ చలికాలమూ ఇంచుమించు ఒకే చల్లదనంతో, అడుగున ఉన్న గులకరాయి కూడా లెక్కపెట్టగలిగినంత తేటగా ఉంటుంది. అటువంటి నదులు ప్రపంచం మొత్తం మీద సుమారు రెండువందలే ఉన్నాయట. వాటిలో అత్యధిక భాగం ఇంగ్లండులోనివే. టెస్ట్ నది మీద చేపలు పట్టేవారి సంఘం ఒకటి 1822 నుంచి నడుస్తున్నది. పెద్దాయనను అక్కడి తోటి ఇంజనీరు ఒకడు తమ సంఘం వారితో పాటు ఒక రోజు నది ఒడ్డుకు తీసుకువెళ్ళాడట. వానపాము లేదు, రొయ్య లేదు. ఈకలూ దారమూ చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగను నీటిమీద వాలేటట్టు విసరడం, చేప మోసపోతే లాగడం, చేతులు తడుపుకుని దానిని పట్టుకుని కొక్కెం తీసి మళ్ళీ నీటిలో వదిలివేయడం. సాయంత్రానికి అందరూ ఖాళీ చేతులతో, నిండు మనసులతో ఇళ్ళకు వెళ్ళారని ఆయన చెబుతారు.

“మన గోస్తనీ కూడా సున్నం నదే మౌలానా, కాకపోతే మనకు దాని విలువ తెలియదు” అన్నారు ఆయన.

మాట నిజమే. గోస్తనీ తూర్పు కనుమలలో, అనంతగిరి కొండలలో పుడుతుంది. బొర్రా గుహలు దాని పుణ్యమే. పుణ్యమనడం కన్న పని అనడం సరైనది. ఆ కొండల సున్నపురాతిలోనికి వాననీరు, నదినీరు చొచ్చుకుపోయి, రాతిని కొద్దికొద్దిగా కరిగించి, ఒక కొండ కడుపునే ఖాళీ చేశాయి. కరిగిన సున్నమే చుక్కచుక్కగా కారి కప్పు నుంచి వేలాడే రాతి ఊడలైంది, నేలనుంచి లేచే రాతి మొలకలైంది. నది పేరుకు ఆవు పొదుగు అని అర్థం. ఆ రూపంలో ఉన్న రాతినుంచి నీరు కారడం వల్ల ఆ పేరు వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు. ఖుర్ఆన్ బఖరా సూరాలో 74వ వాక్యం పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఆ గుహే మనసులో మెదులుతుంది. మనుషుల హృదయాలు రాళ్ళకన్న గట్టిపడిపోగలవనీ, రాళ్ళలోనైతే నదులు పెల్లుబికేవి ఉన్నాయనీ, చీలి నీటిని వెలువరించేవి ఉన్నాయనీ, దైవభీతితో జారిపడేవి ఉన్నాయనీ ఆ వాక్యం భావం. మా పిల్లలను ఒకసారి బొర్రాకు తీసుకువెళ్ళి ఆ పాఠం అక్కడే చెప్పాలని కోరిక. ఇన్షా అల్లాహ్.

ఆ కొండల గుండానే కిరండూల్ రైలు మార్గం వస్తుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన మార్గం అది. అంటే ఒకే కొండలనుంచి ఖనిజం పట్టాల మీద, నీరు నదిలో, రెండూ సముద్రానికే దిగివస్తున్నాయి. ఈ మాట నేను అనగానే కొలిమి దగ్గర పనిచేసిన ఆయన అందుకున్నారు. ఖనిజాన్ని కరిగించేటప్పుడు సున్నపురాయి వేయకపోతే పని జరగదట. అది కరిగి ఖనిజంలోని మలినాన్ని తనలో కలుపుకుని చిట్టెంగా పైకి తేలుతుంది, అడుగున శుద్ధమైన లోహం మిగులుతుంది. “ముప్పై ఏళ్ళు ఆ చిట్టెం తీసిన చేతులివి” అని చూపించారు. ఆ మాట తర్వాత రోజంతా నాకు గుర్తుకు వస్తూనే ఉన్నది. ఎందుకో తరువాత తెలుస్తుంది.

భీమిలి పట్టణం గురించి ఎక్కువ చెప్పను. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు, దేశంలోని పాత మున్సిపాలిటీలలో ఒకటి. డచ్చివారు 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తకం చేశారు, 1825లో ఊరు ఆంగ్లేయుల పరమైంది. వారి సమాధుల తోటలో కోసుగా పైకి లేచిన కట్టడాలు ఇప్పటికీ ఉన్నాయి. ఏ దేశం నుంచో మిరియాలకూ బట్టలకూ వచ్చి, ఈ ఇసుకలో పడుకుండిపోయినవారు. వ్యాను ఆపి పిల్లలకు చూపించాము. ఐదు నిమిషాలు, అంతే. గాలం వేసేవారికి పోటు తగ్గే వేళ తప్పిపోతుందన్న తొందర.

నది మొగ దగ్గరకు చేరేటప్పటికి ఏడు దాటింది. సుమారు 120 కిలోమీటర్లు నడిచి వచ్చిన నది చివరి అడుగులో ఎంత నిదానంగా ఉన్నదో! ఇసుక మేట ఒకటి అడ్డంగా పడుకుని ఉంది. దాని పక్కనుంచి సన్నని పాయ సముద్రంలోకి జారుతున్నది. పోటు వచ్చినప్పుడు సముద్రం ఆ పాయలో వెనక్కు ఎక్కుతుంది, పాటులో నది మళ్ళీ గెలుస్తుంది. ఉప్పూ తీపీ కలిసే ఆ నీటిలోనే పండుగప్ప తిరుగుతుందని, అదే తమ లక్ష్యమని చెప్పారు. జెల్లలు, మాగలు, కత్తిపరిగలు కూడా పడతాయి గాని వాటిని వారు లెక్కలోకి తీసుకోరు.

మావారు దిగీ దిగగానే పాయ మలుపు తిరిగే చోట, అందరికన్న మంచి స్థలంలో, ప్లాస్టిక్ పైపు ముక్కలను ఇసుకలో పాతి రాడ్లు నిలబెట్టడం మొదలుపెట్టారు. అక్కడికి నాలుగు బారల దూరంలో ఒక జాలరి, ఆయన కొడుకు విసురువల ఆరబెట్టుకుంటూ కూర్చుని ఉన్నారు.

“ఏటి సాయిబు గారూ, ఈ చోటు మాదండి. తెల్లారగట్ల నుంచీ ఇక్కడే వల ఏస్తన్నాం” అన్నాడు ఆయన లేచి వచ్చి.

దుకాణదారులలో ఒకరు నది ఎవరి సొత్తూ కాదన్నారు. నిజమే, నీరు అందరిదీ. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో అందరూ భాగస్థులేనని దైవప్రవక్త (సఅసం) బోధించిన హదీసు ఉన్నది. అయితే అందరిదీ అయిన చోట ముందుగా వచ్చి కూర్చున్నవానికి ముందు హక్కు ఉంటుందని కూడా మన ఫిఖ్హ్ చెబుతుంది. పైగా వారిది పొట్టకూడు, మనది ఆటవిడుపు. వేసవిలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం ఉన్నప్పుడు, ఈ నదిలో విసురువలే ఎన్నో ఇళ్ళకు ఆధారం. ఈ మాటలే చెప్పాను. గొణుక్కుంటూనే పైపులు పీకి నూరడుగులు అవతలకు వెళ్ళారు. ఆ చోటు అంత మంచిది కాదట. మధ్యాహ్నం దాకా ఆ మాట నాకు వినబడేటట్టు నాలుగైదుసార్లు అన్నారు.

అప్పుడే పందెం డబ్బు వసూలు చేశారు. తలకు ఐదువందలు. ఎవరికి అందరికన్న బరువైన చేప పడితే మొత్తం వారిదే. గాలం వేసేవారు పన్నెండుగురు, ఆరువేల రూపాయలు. పెద్దాయన ఆ నోట్లను మడిచి టిఫిన్ డబ్బాలో పెట్టారు. రేవులో పనిచేసే యువకుడు తన ఐదువందలు ఇచ్చేటప్పుడు నోటును రెండుసార్లు చూసుకున్నాడు. అది అతని ఒక రోజు కూలి.

నేను ఏమీ అనలేదు.

ఇక్కడ దాపరికం లేకుండా చెప్పాలి. మొదటి ఏడు ఈ పందెం సంగతి నాకు తిరుగు ప్రయాణంలో గాని తెలియలేదు. పోయిన ఏడు ముందే తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. పైగా పోయిన ఏడు గెలిచిన పెద్దమనిషి, మంచి ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నాయన, వచ్చిన ఐదువేలూ అక్కడికక్కడే మదర్సాకు చందాగా ఇచ్చారు. నేను జేబులోని పుస్తకం తీసి రసీదు రాసి ఇచ్చాను. వర్షాలకు కారుతున్న వరండా రేకులు మార్చడానికి ఆ డబ్బు పనికివచ్చింది.

ఉదయం గడుస్తున్నది. పెద్దాయన మనవడు, మా దగ్గరే హిఫ్జ్ చదువుతున్న పన్నెండేళ్ళవాడు, నా పక్కన వచ్చి కూర్చున్నాడు. వాడికి మొదట పడింది వేలెడంత ఇసుకదొందు. తాతగారు చేయి తడుపుకుని దానిని జాగ్రత్తగా వదిలివేయమన్నారు. తరువాత ఒక మోస్తరు కత్తిపరిగ పడితే దానినీ వదిలించారు. “తినాలనుకోకుండా పట్టడం, నోట్లో కొక్కెం గుచ్చడం, మళ్ళీ వదిలేయడం... ఇది జాయిజేనా?” అని వాడు నన్ను మెల్లగా అడిగాడు, తాతకు వినబడకుండా.

చిన్న ప్రశ్న కాదు అది. సముద్రపు వేట మనకు ధర్మసమ్మతమని మాయిదా సూరా 96వ వాక్యం ప్రకటిస్తున్నది. సముద్రపు నీటితో వుజూ చేయవచ్చునా అని అడిగినవారికి, దాని నీరు పరిశుద్ధమని, దానిలో చనిపోయినదీ హలాల్ అని ప్రవక్త (సఅసం) జవాబిచ్చారు. అడిగింది నీటి గురించే అయినా ఆహారం సంగతి కూడా కలిపి చెప్పారు, ఓడలో వెళ్ళేవానికి రెండూ కావాలి గనుక. అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో సముద్రతీరానికి వెళ్ళిన మూడువందలమంది సహచరుల సంగతి పిల్లలకు తెలిసిందే. రోజుకు ఒక్క ఖర్జూరం పంచుకునే స్థితికి వచ్చినప్పుడు సముద్రం ఒక మహామత్స్యాన్ని ఒడ్డుకు చేర్చింది. వారు రోజుల తరబడి తిన్నారు. దాని పక్కటెముకను నిలబెడితే కింది నుంచి ఒంటె దాటిపోయింది. మదీనాకు తిరిగివచ్చాక ప్రవక్త (సఅసం) ఆ మాంసం మిగిలి ఉంటే తమకూ ఇవ్వమని అడిగి భుజించారు. అంటే చేప అల్లాహ్ పంపే ఆహారం. ఆహారం కోసం పట్టడంలో సందేహం లేదు. ఎదగని పిల్లచేప పడితే పెరగడానికి వదలడం మంచిదే. కాని ప్రాణమున్న దానిని కేవలం గురిపెట్టి ఆడుకునే వస్తువుగా చేసుకోవడాన్ని ప్రవక్త (సఅసం) వారించారు. తినే ఉద్దేశమే లేకుండా, లాగినప్పుడు చేతికి తెలిసే ఆ గుంజాటన కోసమే ఒక ప్రాణికి బాధ కలిగించడం నా దృష్టిలో ఆ వారింపు పరిధిలోకే వస్తుంది. వాడికి అంతవరకే చెప్పాను. తాత మీద వాడి గౌరవం తగ్గకూడదని, ఆయన చేతులు తడుపుకుని వదలడంలో ఉన్న జాలిని కూడా చూపించాను. బకెట్టులో ఎర కోసం బతికి ఉన్న చిన్నచేపలు ఈదుతున్నాయి. వాటిని ప్రాణాలతో గుచ్చకుండా ముందు చంపి గుచ్చడం మేలని మాత్రం అందరికీ వినబడేటట్టే అన్నాను. బతికిన ఎరకే పండుగప్ప వస్తుందని ఎవరో సణిగారు.

ఒకరికి పెద్ద మండపీత చిక్కింది. మన ప్రాంతంలో ఎక్కువమంది హనఫీలు కనుక అది మనకు తగదు. ఆ పీతను జాలరి కొడుకు సంతోషంగా తీసుకుపోయాడు. రొయ్య సంగతి అడుగుతారేమోనని భయపడ్డాను. దాని మీద ఉలమాల మధ్య ఉన్న చర్చ మొదలైతే అస్ర్ దాకా తెగదు. అదృష్టవశాత్తు ఎవరూ అడగలేదు. డబ్బాలలో ఉన్న కూర అదే కాబట్టి కావచ్చు.

జుహ్ర్ వేళయింది. రాడ్లను పైపులలోనే ఉంచి, చివరలకు చిన్న గంటలు కట్టి, అందరూ వరుసలు తీరారు. విశాఖలో ఖిబ్లా పడమటికి, కొంచెం ఉత్తరంగా. అంటే సముద్రానికి వీపు, కొండలకు ముఖం. చాపలు చాలక కొందరు ఇసుక మీదే నిలబడ్డారు. జుహ్ర్‌లో ఇమాం ఖిరాఅత్ పైకి వినబడదు కదా. అలల చప్పుడూ గాలీ తప్ప మరేమీ లేదు. మూడవ రకఅతులో ఉండగా వెనుకనుంచి గంట మోగింది.

ముందు సన్నగా, తరువాత ఆగకుండా. రీలు దారం వదులుతున్న గరగర శబ్దం. ఒక్కరూ కదలలేదు. నా మనసు మాత్రం కదిలింది. శనివారం నాడు చేపలు నీటి మీదికి ఎగిరివచ్చి పరీక్షకు గురైన జాతి ప్రస్తావన ఆరాఫ్ సూరాలో ఉన్నది. ఎన్నిసార్లు పాఠం చెప్పానో! ఆ పరీక్ష ఎంత చప్పుడు చేస్తుందో ఆనాడు గాని తెలియలేదు. నాలుగవ రకఅతులో గంట ఆగిపోయింది. సలాం తిప్పి చూస్తే ఒక పైపు ఖాళీగా ఉన్నది. రాడ్డు లేదు.

అది రేవు యువకునిది. రాడ్డు అతనిది కూడా కాదు, పెద్దాయన దగ్గర ఎరువు తెచ్చుకున్నది, వేల రూపాయల ఖరీదు. ఎరువు వస్తువు అమానతు వంటిది, తన నిర్లక్ష్యం లేకుండా పోతే పరిహారం పడదని నాకు తెలుసు. సొమ్ము పోతున్నప్పుడు నమాజు ఆపి కాపాడుకోవడానికి కూడా ఫిఖ్హ్‌లో అనుమతి ఉన్నది. ఆ సంగతి అతనికి ఎన్నడూ చెప్పలేదని అప్పుడే తట్టింది. అతను వెలవెలబోయి నీటివైపు పరుగెత్తాడు. అప్పటికే పాయలో మెడలోతు నీటిలో ఆ జాలరి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో రాడ్డు. నీళ్ళలో కొట్టుకుపోతుంటే దూకి అందుకున్నాడట. “చేప ఇంకా దీనికే ఉన్నాది బాబూ, రా” అని కేక వేశాడు.

ఇద్దరూ కలిసి లాగారు. పావుగంట పట్టింది. వెండిలా మెరిసే పండుగప్ప. వేలాడదీసి తూస్తే ఆరున్నర కిలోలు. అస్ర్ దాకా వేచిచూసినా దాని దరిదాపులకు వచ్చే చేప ఎవరికీ పడలేదు.

పెద్దాయన టిఫిన్ డబ్బా తెరిచి నోట్లు తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ యువకునికి ముగ్గురు పిల్లలు. ఇంటి అద్దె బకాయి ఉన్నదని నాకు తెలుసు. నా దగ్గర దుఆ చేయించుకోవడానికి వచ్చినప్పుడు తనే చెప్పాడు. ఆరువేలు అతనికి ఎంతటి సొమ్మో అక్కడున్న వారందరిలోకి నాకే ఎక్కువగా తెలుసు.

నా గొంతు ఎండిపోయింది. ఇప్పుడు ఊరుకుంటే ఒక పేదవాని చేతిలో జూదపు సొమ్ము పెట్టడానికి సాక్షిని అవుతాను. మాట్లాడితే, ఉన్నవారు గెలిచినప్పుడు రసీదు రాసి, లేనివాడు గెలిచినప్పుడు మసలా చెప్పినవాడిని అవుతాను. రెండవది సిగ్గుచేటు, మొదటిది పాపం. లేచి నిలబడి చెప్పాను. పందెగాళ్ళందరూ తలాకొంత వేసి, గెలిచిన ఒక్కడు అందరిదీ తీసుకుపోవడం ఖిమార్. మాయిదా సూరాలో మద్యంతో కలిపి నిషేధించింది దీనినే. బయటివారు ఒకరు తమ సొంత సొమ్ముతో బహుమతి పెడితే ఇబ్బంది లేదు. పోయిన ఏడు ఈ మాట చెప్పకపోవడం నా తప్పు, ఆ డబ్బు మదర్సాకు తీసుకోవడం ఇంకా పెద్ద తప్పు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. దుకాణదారు ఒకరు, “అందరం ఇష్టపడే ఇస్తున్నాం కదా మౌలానా, బహుమతి అనుకుంటే పోలేదా?” అన్నారు. పేరు మార్చినంత మాత్రాన వస్తువు మారదని అన్నాను. యువకుడు చేపను ఇసుక మీద తడిగుడ్డలో చుడుతూ తల ఎత్తకుండా అడిగాడు.

“మౌల్వీ సాబ్, పోయినేడు గెలిచిన చేప పెద్దదా, నాది పెద్దదా?”

“నీదే పెద్దది బాబూ” అన్నాను.

అతను మరేమీ అనలేదు. పెద్దాయన ఎవరి ఐదువందలు వారికి తిరిగి ఇచ్చివేశారు. అతనూ తన నోటును తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

కొలిమి దగ్గర పనిచేసిన ఆయన అప్పుడు ఒక పని చేశారు. ఆ చేపను తాను కొంటానన్నారు. భీమిలి బజారులో పండుగప్ప ఏ ధర పలుకుతున్నదో జాలరిని అడిగి, ఆరున్నర కిలోలకూ లెక్కకట్టి, రూపాయి తగ్గించకుండా ఇచ్చారు. నీటిలో ఉన్న చేపను అమ్మడం చెల్లదు గాని చేతికి వచ్చి తూకం వేసినదానిని అమ్మడంలో ఏ దోషమూ లేదు. యువకుడు ఆ డబ్బు లెక్కపెట్టుకుని సగం జాలరికి ఇవ్వబోయాడు. ఆయన మొదట వద్దన్నాడు. తరువాత కొంత తీసుకుని మిగిలినది తిరిగి అతని చేతిలో పెట్టాడు. ఎంత తీసుకున్నాడో నేను చూడలేదు.

మగ్రిబ్‌కు ఊరు చేరాము. వ్యానులో పిల్లలు తప్ప ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. లంగరు వేసిన ఓడలకు దీపాలు వెలిగాయి. పెద్దాయన వాటి గురించి చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఆ రాత్రి రసీదు పుస్తకం తీసి చూశాను. పోయిన ఏడు పందెం కట్టినవారు పదిమంది. గెలిచినాయన తన ఐదువందలు తన సొంతం కాబట్టి ఆ మేరకు అది సక్రమమైన చందాయే. మిగిలిన నాలుగువేల ఐదువందలు తొమ్మిదిమందివి, ఎవరివి వారికి చేరవలసినవి. మదర్సా నిధి నుంచి ఇవ్వడానికి మనసొప్పలేదు. రసీదు మీద సంతకం నాది. నా జీతంలోనుంచి నెలకు ఇద్దరికి చొప్పున ఇస్తున్నాను. ఇద్దరు ఆ నోటును చేతిలోకి తీసుకుని, ఈసారి మా ఇష్టంతో ఇస్తున్నామని మదర్సాకే తిరిగి ఇచ్చారు. వాటికి కొత్త రసీదులు రాశాను. ఒకరు చాలాసేపు నవ్వి, తీసుకుని వెళ్ళిపోయారు.

రేవు యువకుడు పోయిన ఏడు కూడా వచ్చాడు, పందెం కట్టాడు. అతనిది మొదటి నెలలోనే ఇచ్చాను. ఇంకా నలుగురు మిగిలి ఉన్నారు.